దేన్

ఓడరేవు లోపలి గేటుకు కొత్త పాస్ కావాలంటే
ఆరు పేజీలు నింపాల.
మందూబ్ హనఫీ వాటిని కారు బానెట్ మీద పరిచి
వేలితో చూపించినాడు:
ఇక్కడ పరాయి దేశాల చుట్టాలు, ఇక్కడ అప్పులు.
"రెండు చోట్లా లేవని రాయి, తొందరగా అయిపోతుంది."

పోయినేడు పెంచలయ్య అట్లే రాసినాడు.
బహ్రెయిన్‌లో తమ్ముడున్నట్టు వాళ్లకు ముందే తెలుసు.
తమ్ముడుండడం తప్పు కాలేదు,
లేడనడం తప్పయింది.
ఇప్పుడు గేటు బయట టైర్లకు గాలి కొడుతున్నాడు.

మంగాఫ్ గదిలో, పై మంచం మీద,
సెల్‌ఫోన్ వెలుతుర్లో రాసినాను.

భార్య నిల్మిణి. పుట్టినూరు కురునేగల, శ్రీలంక.
సాల్మియాలో ఒక డాక్టరమ్మ ఇంట్లో వంటమనిషి.
నీళ్ల మోటారు బాగు చేయను పోతే
చక్కెరనుకుని ఉప్పేసి టీ ఇచ్చింది.
(ఇది రాయలేదు. గడి చాలదు.)
బావమరిది: ముందు సైన్యంలో, ఇప్పుడు కొబ్బరి పీచు వ్యాపారం.
కూతురికి ఆరేళ్లు, అమ్మమ్మ దగ్గర.
ఫోన్లో నాన్నా అని తెలుగులోనే పిలుస్తుంది,
ఆకలి మాత్రం సింహళంలో వేస్తుంది.

అప్పులు.
లక్కిరెడ్డిపల్లె సొసైటీలో, బంగారం మీద, లక్షా ఎనభై వేలు.
ఫాహీల్ దుకాణంలో ఫ్రిజ్జు, నాలుగు కంతులు తప్పినవి,
రెండు కట్టేసినాను, రసీదులు జత.
గదిలో సుబ్బన్నకు నూటిరవై దీనార్లు,
వడ్డీ లేదు, శుక్రవారం వంట నాది.

అక్కడ పెన్ను ఆగింది.
మహబూబ్ పీరా. నలభై దీనార్లు.
చేతిలో పెట్టినప్పుడు లిఫ్టులో మేమిద్దరమే.
ఎనిమిదో రోజు పైపుల దగ్గర ఎండకు పడిపోయినాడు,
లేవలేదు.
కాగితం లేదు. అడిగేవాళ్లు లేరు.
గాలివీడులో అతని భార్యకు నెలకు ఐదు పంపుతున్నా,
ఇంకా పదిహేను.
రాసినాను.

అద్దాల గదిలో ఒళ్లు కొరికే చలి.
అధికారి తస్బీ పక్కన పెట్టి "ఫీ దేన్?" అన్నాడు.
అరబ్బీలో అప్పును దేన్ అంటారు.
పదకొండేళ్లుగా వింటున్నా, నా చెవికది
"దేనికి"లో తెగి పడిన ముక్క.
అందుకే కాబోలు, ఆయన ఎంత అని అడుగుతుంటే
నేను దేనికో చెప్పుకుంటూ పోయినాను.

"ఈ చనిపోయినతను, వాళ్లావిడకు అప్పు సంగతి తెలుసా?"
నేను చెబితే తెలిసింది.
"రేపు బావమరిది వచ్చి, డబ్బిస్తా, లోపల ఏముందో చెప్పమంటే?"
ఇంతవరకు ఒక్కటే అడిగినాడు సార్,
బావి మోటారుకు వాల్వు.
దానికీ ముందే డబ్బు పంపినాడు.
ఆయన నవ్వలేదు. కుడి నుంచి ఎడమకు
ఏదో రాసుకున్నాడు, చాలాసేపు.

మా అవ్వ దగ్గర ఈ రెండు పేజీలకూ ఒకటే మాట ఉండేది,
రుణానుబంధం.
దారిన పోయే మేక గుమ్మంలో ఆగి గంజి తాగిపోయినా
అదే అనేది.
ఆ మాటను నాకొచ్చిన అరబ్బీలో చెప్పబోయి నోరు మూసుకున్నా.
చెప్పినా, ఏ పేజీలో రాసుకుంటాడు?

నలభై మూడో రోజు పాస్ వచ్చింది.
ఆరు నెలలకే. ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ.
ఓబులేసు మాత్రం సరిగ్గానే ఉంది.
హనఫీ నా వీపు తట్టి,
"అన్నీ తీర్చేసినావా ఏంది?" అన్నాడు.
లేదు, అన్నీ అట్లే ఉన్నాయన్నా.

ఈరోజు శుక్రవారం.
సుబ్బన్నకు ఉలవచారు పొయ్యి మీద ఉంది.
గాలివీడుకు ఈ నెల ఐదు ఇంకా పోలేదు,
ఎక్స్ఛేంజీ పదింటికి మూస్తారు.
మంట తగ్గించి
చెప్పులేసుకుంటున్నా.